మూత్రమున మంట: మరల మరల వచ్చుటకు మూలమెక్కడ?

ఎండలు ముదరగానే మన ఇండ్లలో ఒక మాట తరచుగా వినబడును: "వేడి చేసిందమ్మా, ఇంత సల్ల తాగు, తగ్గిపోతది." మూత్రము విడుచునపుడు మంట, మాటిమాటికి పోవలెనను తొందర, పొత్తికడుపులో బరువు, ఇవి కనిపించినపుడు చెప్పెడి మాట యిది. సల్లయు, బార్లీ నీరును, సబ్జా గింజలును, కొబ్బరినీరును వెంటనే సిద్ధమగును. వీనిలో దోషమేమియు లేదు. శరీరమునకు ద్రవము చేరును, మూత్రము పలుచనగును, కొందరికి హాయి కలుగును. కాని అదే మంట రెండు నెలలకు మరల వచ్చి, ఆపై మూడవసారియు వచ్చినపుడు దానిని వేడి యనుట చాలదు. అది క్రిములవలన కలిగిన వ్యాధి. అది ఒక్కసారి వచ్చుటకును, మరల మరల వచ్చుటకును కారణములు వేరు. ఈ రెండవ సంగతిని గూర్చియే మేము నేడు ముచ్చటింప దలచితిమి.

ఒక ఇల్లాలిని ఊహింతము. ఆమె నందికొండలో కాపురముండును. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ గారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిన ఊరది. ఆనకట్ట నిర్మాణమునకై వచ్చినవారి కొరకు వెలసిన హిల్ కాలనీ, పైలాన్ కాలనీ అచ్చటివే. ఆమె పుట్టినిల్లు మర్రిగూడెము వైపు మెట్ట గ్రామము. వయస్సు ఏబదియైదు. ఈ స్త్రీ మా కల్పనయే గాని, ఆమె తిరిగిన దారి ఎందరో తిరిగినదే.

మొదటిసారి మంట వచ్చినపుడు ఇంటిప్రక్క ఆర్.ఎం.పి. వైద్యుడు మూడు రోజులకు మాత్రలిచ్చెను, తగ్గెను. రెండవసారి పాత చీటీ చూపి మందుల దుకాణమున అవే మాత్రలు కొనుక్కొనెను. మూడవసారి చలిజ్వరముతో వచ్చినది, సూదిమందు లిచ్చిరి. నాలుగవసారి బిడ్డలు పట్టణమునకు తీసికొనిపోయిరి. మూత్రవ్యాధుల నిపుణుడు స్కానింగు చూచి రాళ్ళు లేవనెను. స్త్రీవ్యాధుల వైద్యురాలు గర్భసంచిలో గడ్డలు లేవనెను. మధుమేహ వైద్యుడు చక్కెర కొంచెము హెచ్చుగా నున్నదని మాత్ర మార్చెను. ఎవరి మాట వారికి సరియే. అయినను ఒకరి చీటీ మరియొకరు చూడలేదు. ఏడాదిలో నాలుగు రకముల మందులు వాడబడినవి. మూత్రములోని క్రిమి యేదో ఒక్కరును పరీక్ష చేయింపలేదు. అయిదవసారి మంట రానే వచ్చెను.

ఇది ఎట్లు జరుగునో తెలియుటకు మన ఊరి చెరువును తలచుకొనిన చాలును. వాగులు నీటిని తెచ్చును, చెరువు నిలుపును, తూము విడుచును. శరీరమున మూత్రపిండములు రెండును మూత్రమును తయారుచేయును, సన్నని నాళములు రెండు దానిని క్రిందికి దించును, మూత్రాశయము నిలుపును, మూత్రద్వారము విడుచును. చెరువు పూర్తిగా ఖాళీయైన పాచి కొట్టుకొనిపోవును. తూము సరిగా తెరచుకొనక అడుగున నీరు మిగిలిన పాచి పట్టును. మూత్రాశయము గతియు నిదియే. పేగులలో సహజముగా నుండెడి ఈ. కోలి యను క్రిమి వెలుపలినుండి ప్రాకి పైకెక్కుటయే ఈ వ్యాధి అధికభాగమునకు కారణము. స్త్రీలలో ఆ ద్వారనాళము పొడవు సుమారు నాలుగు సెంటీమీటర్లు మాత్రమే. కావున స్త్రీలలో ఇంచుమించు సగముమందికి జీవితములో ఒకసారియైన ఈ వ్యాధి వచ్చును. ఇది నడతకు సంబంధించినది కాదు, సిగ్గుపడవలసినది అంతకంటె కాదు. సిగ్గుచేత దాచుటవలననే క్రిమి మూత్రాశయమును దాటి మూత్రపిండములకు ఎక్కుట కలుగుచున్నది.

ఆరు నెలలలో రెండుసార్లుగాని, సంవత్సరములో మూడుసార్లుగాని వచ్చిన దానిని మరల మరల వచ్చు వ్యాధి యని వైద్యులు పరిగణింతురు. ఆ గీత దాటినపుడు "ఏ మందు?" అనుదానికంటె ముందు "ఎందుకు?" అను ప్రశ్న వేయవలెను.

ఆ ప్రశ్నకు మొదటి మెట్టు కల్చరు పరీక్ష. మూత్రమును ఒక పాత్రలో పెంపకమునకు పెట్టి, ఏ క్రిమి మొలచునో, అది యే మందునకు లొంగునో చూచుటయే యిది. ఫలితము రెండు మూడు రోజులలో తెలియును. మిల్లీలీటరునకు లక్ష క్రిములున్న నిజమైన వ్యాధిగా తలంపవలెనను కొలతను 1956లో అమెరికాలోని బోస్టను నగర వైద్యుడు ఎడ్వర్డ్ కాస్ ప్రచారములోనికి తెచ్చెను. బాధలు స్పష్టముగా నున్నపుడు అంతకు తక్కువ సంఖ్యనుగూడ నేడు లెక్కకు తీసికొందురు. ఈ పరీక్షకు మూడు నియమములు గలవు. మందు వేసికొనక మునుపే మూత్ర మీయవలెను. మొదటి ధారను విడిచి నడిమి ధారను పట్టవలెను. పట్టినదానిని ఆలస్యము చేయక ప్రయోగశాలకు చేర్చవలెను. ఎండలో గంటలకొలది బస్సులో ప్రయాణించిన సీసాలో దారిలోనే క్రిములు పెరిగి తప్పు లెక్క చూపును. దూరమున నున్న గ్రామములవారు ఈ సంగతిని ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను.

ఇంత జాగ్రత్త యెందుకన, మందుల బలము తరుగుచున్నది. భీమవరమున జన్మించిన డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనాధిపతిగా నున్న లెడర్లీ సంస్థనుండి 1948లో ఆరియోమైసిన్ అను మందు లోకమునకు వచ్చెను. ఒకేమందు అనేక క్రిములను చంపుట చూచి ఆనాడు ప్రజలు అబ్బురపడిరి. ఆ తరువాత ఎన్నో మందులు వచ్చినవి. కాని సగము వాడి విడిచిన ప్రతి మాత్రయు, అవసరము లేక మ్రింగిన ప్రతి మాత్రయు క్రిమికి ఎదురు నిలుచుటకు పాఠము చెప్పినట్లగుచున్నది. 1953 ప్రాంతమున వాడుకలోనికి వచ్చిన నైట్రోఫ్యూరాంటాయిన్ నేటికిని మూత్రాశయపు మంటకు బాగుగా పనిచేయును. అయితే అది మూత్రపిండముల కండలోనికి చాలినంత చేరదు. కావున చలిజ్వరము వచ్చినవారికి అది చాలదు. మంట తగ్గించిన మాత్రయే జ్వరమునుగూడ తగ్గించుననుకొనుట ఎంత పొరపాటో దీనివలన తెలియును.

క్రిమి తెలిసిన పిమ్మట రెండవ మెట్టు, దానికి ఇల్లు దొరకినదెక్కడ అని వెదకుట. ఇచ్చటనే ఒక్క వైద్యుని విద్య చాలకుండును.

మూత్రశాస్త్ర నిపుణుడు రాళ్ళను, అడ్డంకులను చూచును. కొన్ని క్రిములు మూత్రములోని యూరియాను విరుగగొట్టి తామే రాయిని పెంచును. ఆ రాయిలోనే దాగి మందునకు చిక్కవు. రాయి తీయనిది వ్యాధి పోదు. పెద్దవయసు మగవారిలో ప్రోస్టేటు గ్రంథి పెరిగి తూమును నొక్కును. స్త్రీవ్యాధుల వైద్యురాలు ముట్టుడిగిన పిమ్మట కలిగెడి మార్పును చూచును. ఆ వయసున హార్మోను తగ్గి, యోనియందు కాపలా కాయు మంచి క్రిములు తరిగి, చెడ్డవానికి దారి యిచ్చును. పైపూతగా వాడు ఈస్ట్రోజెను లేపనము ఈ మంటలను బాగుగా తగ్గించునని 1993లో ప్రకటింపబడిన ప్రయోగము చూపెను. గర్భిణులలో బాధ లేకున్నను మూత్రమున క్రిములున్న చికిత్స చేయవలెను. లేనియెడల మూత్రపిండములకు జ్వరము పట్టి నెలలు నిండని కాన్పునకు దారితీయవచ్చును. మధుమేహ వైద్యుడు చక్కెరను చూచుటయే గాక, ఆ వ్యాధిచే మూత్రాశయపు నరములు మొద్దుబారినవా యని కూడ చూడవలెను. శిశువైద్యుడు, కారణము కానరాని జ్వరముతో వచ్చిన పసిబిడ్డలో మూత్రము వెనుకకు ఎగదన్నుచున్నదా యని పరిశీలించును. ఎన్ని మందులు వాడినను తగ్గక, మూత్రమున చీముకణము లుండి కల్చరులో ఏ క్రిమియు మొలవని యెడల, క్షయను అనుమానింపవలెను. మూత్రపిండముల నిపుణుడు వీటన్నిటివలన పిండముల శక్తి ఎంత తరిగినదో లెక్కకట్టును.

మా ఊహలోని ఇల్లాలి విషయములో వీరెవ్వరును అడుగని ప్రశ్న యొకటి మిగిలినది: ఆమె చిన్ననాడు ఏ బావినీరు త్రాగెను?

నల్లగొండ, మహబూబ్‌నగరు మెట్టలలోని రాతినేలలో ఫ్లోరైడు కలదు. బావులనీటిలోనికి అది దిగును. ఫ్లోరోసిస్ వ్యాధి ఆనాటి మద్రాసు రాష్ట్రమున నెల్లూరు ప్రాంతపు గ్రామములలో నున్నదని 1937లో వైద్యులు వెల్లడించిరి. నల్లగొండ జిల్లాలోని వ్యాధిని గూర్చి డాక్టరు ఎ. హెచ్. సిద్దిఖీ వ్రాసిన వ్యాసము బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అదే 1955 డిసెంబరులో, అనగా నందికొండలో శంకుస్థాపన జరిగిన నెలలోనే, అచ్చయ్యెను. పండ్లపై గారలు, వంగని నడుము, బిగిసిన కీళ్ళు మనమెరిగినవే. మనము సాధారణముగా ఎరుగనిది వేరొకటి గలదు. ఏండ్లతరబడి ఆ నీరు త్రాగినవారిలో కొందరికి వెన్నెముకలోని బంధనములు సున్నముపట్టి గట్టిపడి, వెన్నుపాము సాగు మార్గమును ఇరుకుచేయును. వెన్నుపాము నలిగినపుడు కాళ్ళు బిగిసి తూలుట మొదలగును. ఆ పిమ్మట మూత్రాశయముపై అదుపు తప్పును. హైదరాబాదు నరముల శస్త్రవైద్యులు డాక్టరు డి. రాజారెడ్డి గారు ఈ వ్యాధి నరములను బాధించు తీరును చిరకాలము పరిశీలించి, 2009లో న్యూరాలజీ ఇండియా పత్రికలో సమీక్ష ప్రకటించిరి.

మూత్రాశయమునకు ఆజ్ఞ సరిగా అందనపుడు తూము సగమే తెరచుకొనును. అడుగున మూత్రము నిలిచిపోవును. క్రిమికి అంతకంటె అనువైన చోటు మరి లేదు. ఇంకొక విషమచక్రమును గలదు. శరీరమునుండి ఫ్లోరైడును బయటికి పంపునవి మూత్రపిండములే. మరల మరల వచ్చు జ్వరములచే అవి దెబ్బతిన్నయెడల ఫ్లోరైడు ఒంటిలో మరింత నిలుచును. ఎముకల వైద్యుడు చూచెడి వ్యాధియు, మూత్రవైద్యుడు చూచెడి వ్యాధియు ఈ విధముగా ఒకే బావినుండి పుట్టవచ్చును. ఈ జిల్లాలలో మూత్రవ్యాధి వచ్చినవారందరికి ఇదియే కారణమని మా భావము కాదు, అట్టివారు కొద్దిమందియే. 2016లో మొదలైన మిషన్ భగీరథ నదీజలమును ఇంటింటికి తెచ్చుటచే క్రొత్తగా వ్యాధిపడువారు తగ్గుదురని ఆశింపవచ్చును. కాని ముప్పది, నలుబది యేండ్లు బావినీరు త్రాగిన పెద్దలు మన ఇండ్లలో నున్నారు. వారి ఎముకలలో చేరినది నీరు మారినంతనే కరగిపోదు. వారి విషయమున ఈ ప్రశ్న అడుగకున్న సమాధానము దొరకదు.

మరి ఇందరు వైద్యులను ఒకచోటికి చేర్చుట ఎట్లు? నందికొండనుండి నల్లగొండకే డెబ్బది కిలోమీటర్లకు దగ్గర. హైదరాబాదు నూట ఏబది. ఒక్కొక్క నిపుణునికై ఒక్కొక్క ప్రయాణమనగా కూలిపని చేసికొను ఇంటికి ఒక్కొక్క దినపు కూలి పోవుట. కావున కలిసి పనిచేయుట యనగా రోగిని అందరి యొద్దకు త్రిప్పుట కాదు. రోగిని గూర్చిన సమాచారమును అందరికి చేర్చుట.

దీనికి మొదట కావలసినది ఒక పెద్దదిక్కు. రోగికి దగ్గరలో నుండు ప్రభుత్వ వైద్యుడు గాని, కుటుంబ వైద్యుడు గాని ఆ భారము వహింపవలెను. రెండవది ఒకే కాగితములకట్ట. ఏ తేదీన మంట వచ్చినది, జ్వరమున్నదా, కల్చరులో ఏ క్రిమి దొరకినది, ఏ మందు ఎన్నిరోజులు వాడిరి అనునవి ఒక నోటుపుస్తకములో వ్రాసి, స్కానింగు కాగితములతో ఒకే సంచిలో నుంచవలెను. మూడవది వరుస. అందరికి అన్ని పరీక్షలు అక్కరలేదు. పడుచుతనములో నున్న ఆరోగ్యవతికి కల్చరును, నాలుగు మంచి అలవాట్లును చాలవచ్చును. పురుషులకు, పిల్లలకు, గర్భిణులకు, చక్కెరవ్యాధి కలవారికి, జ్వరముతో వచ్చినవారికి, మూత్రములో రక్తము కనబడినవారికి మాత్రము ముందుకు పోవలసియుండును. మూత్రము విడిచిన వెంటనే మరల స్కానింగు తీసి, లోపల ఎంత మిగిలినదో చూచుట సులభమైన పరీక్ష, నొప్పిలేనిది. మా ఇల్లాలికి నాలుగుసార్లలో ఒక్కసారి అది చేసియున్న కథ అప్పుడే మారియుండెడిది.

నేడు ఇందుకు సాధనములు లేకపోలేదు. 2019లో నల్లగొండలో ప్రభుత్వ వైద్యకళాశాల వెలసినది. అదే ఏట బీబీనగరు ఎయిమ్సులో విద్యార్థులు చేరిరి. ఊరి వైద్యుడు నగరములోని నిపుణునితో దూరమునుండియే మాటలాడుటకు ఈ-సంజీవని ఏర్పాటు కూడ 2019 నుండియే గలదు. కాగితములకట్ట సిద్ధముగా నున్న ఆ సంభాషణ పది నిమిషములలో ముగియును. లేనియెడల అది వట్టి ఊహాగానమగును.

మా ఇల్లాలి కథను ముగింతము. కల్చరులో క్రిమి తెలిసెను. దానికి తగిన మందు, తగినన్ని రోజులు వాడిరి. తరువాతి స్కానింగులో మూత్రము మిగులుచున్నట్లు కనబడెను. కాళ్ళబిగువును చూచి నరముల వైద్యుడు వెన్నెముకకు ఎం.ఆర్.ఐ. తీయించెను. శస్త్రచికిత్స వలన మేలున్నదా లేదా యని శస్త్రవైద్యుడు, ఎముకల వైద్యుడు కలిసి తేల్చిరి. ఆమెకు అప్పుడే అక్కరలేదనిరి. శుభ్రమైన సన్నని గొట్టముతో రోజునకు కొన్నిసార్లు తానే మూత్రమును ఖాళీ చేసికొనుటను నర్సు నేర్పెను. ఇది 1972లో అమెరికాలో జాక్ లాపిడెస్ అను వైద్యుడు ప్రచారము చేసిన పద్ధతి. ఎందరి మూత్రపిండములనో కాపాడినది. వైద్యురాలు లేపనము వ్రాసెను. చక్కెర అదుపునకు వచ్చెను. మూడు చిన్న కారణములు కలిసి ఒక పెద్ద బాధగా నుండెను. ఏ ఒక్కదానిని సవరించినను మిగిలిన రెండును దానిని మరల రప్పించియుండెడివి.

ఇట్టివారికి కొన్నాళ్ళు నిత్యము చిన్నమోతాదు యాంటీబయాటిక్ ఇచ్చు పద్ధతి గలదు. దానికి బదులు మెథనమిన్ అను పాతమందు ఇంచుమించు సమముగా పనిచేయునని 2022లో ఇంగ్లండున వెలువడిన ప్రయోగము తెలిపెను. ఏది ఎవరికి తగునో వైద్యుడే చెప్పవలెను. ఇంకొక హెచ్చరిక: బాధ యేమియు లేక, పరీక్షలో మాత్రము క్రిములు కనబడినచో గర్భిణులకును, మూత్రమార్గమున శస్త్రచికిత్సకు పోవువారికిని తప్ప మందు అవసరముండదు. కాగితమునకు చికిత్స చేయరాదు, మనిషికి చేయవలెను.

ఇక ఇంటివారు చేయదగినవి. తక్కువ నీరు త్రాగు అలవాటుండి, తరచు ఈ మంటలకు గురియగు స్త్రీలు రోజునకు మరి ఒకటిన్నర లీటరు నీరు త్రాగగా వ్యాధి ఇంచుమించు సగమునకు తగ్గినట్లు 2018లో ప్రకటింపబడిన పరిశోధన చూపెను. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు కలవారు మాత్రము వైద్యునడిగియే నీరు పెంచవలెను. పొలములో మరుగులేదని, బడిలో గది బాగుగా లేదని, బస్సు ఆగదని మన స్త్రీలు, బాలికలు తెల్లవారినది మొదలు నీరు మానుకొని, మూత్రమును బిగపట్టుదురు. దీనికి మందు వైద్యుని యొద్ద లేదు. అది ఊరి పెద్దలును, బడి పెద్దలును కట్టింపవలసిన గదులలోను, వానికి కావలసిన నీటిలోను ఉన్నది. కడుగుకొనునపుడు ముందునుండి వెనుకకు కడుగుకొనవలెను. మలబద్ధకము రానీయరాదు. మిగిలిన మాత్రలు దాచి మరొకసారి వేసికొనరాదు, పొరుగువారికి ఈయరాదు.

చలితో జ్వరము, నడుము ప్రక్కన పోటు, వాంతులు, మూత్రము బందగుట, పసిబిడ్డకు కారణము తెలియని జ్వరము, గర్భిణికి మంట, వీనిలో ఏది కనబడినను సల్లతో కాలము గడపరాదు. ఆనాడే ఆసుపత్రికి పోవలెను.

నందికొండ ఆనకట్టను రాయి చెక్కువాడొక్కడును కట్టలేదు, లెక్కలు వేసిన ఇంజనీరొక్కడును కట్టలేదు. రాతిని పరీక్షించినవారు, నీటిని కొలచినవారు, గార కలిపినవారు ఒకే పటమును ముందుంచుకొని పనిచేసిరి. మరల మరల వచ్చు ఈ వ్యాధి విషయమునను అట్టి పటము అవసరము. దానిని గీయుట వైద్యుల పని. కాగితములు భద్రపరచి, సిగ్గువిడిచి, ఆరంభమునుండి అంతయు చెప్పుట మన పని. మీ ఇంటిలో ఏటేట ఈ మంటతో బాధపడుచు ఎవ్వరికిని చెప్పుకొననివారున్న, ఈ రాత్రియే వారిని అడిగి తెలిసికొనుడు. పాత చీటీలన్నియు వెదకి ఒక సంచిలో వేయుడు.